బాలహృదయ వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్

ప్రతి తరగతిలోను వెనుక బల్లపై కూర్చుండు బాలుడొకడుండును. పేరు పెట్టి పిలిచినచో లేచి నిలువబడును గాని పలుకడు. లెక్క చేయుమన్నచో నల్లబల్ల వైపు చూచుచుండును. లేదా, తోటివారిని గిల్లి, గిచ్చి, అల్లరి చేసి, దండనము పొంది, మరునాడు మరల అదియే చేయును. ఉపాధ్యాయుల గదిలో వానిని గూర్చి సాధారణముగా రెండే మాటలు వినవచ్చును. ఒకటి మొద్దు, రెండవది పోకిరి. ఈ రెండు మాటలును కాక మూడవ మాట యొకటి కలదనియు, ఆ బాలుడు మొద్దును కాడు, పోకిరియు కాడు, ధైర్యము చెడినవాడనియు లోకమునకు చెప్పినవాడు ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్ అను వైద్యుడు. చెప్పి యూరకుండక, ఆ చెడిన ధైర్యమును మరల నిలుపుటకు బడిలోనే ఒక చోటుండవలెనని పట్టుబట్టి, వియన్నా నగరమున దానిని నెలకొల్పి చూపినవాడును ఆయనయే. మనము నేడు అనుదినము వాడుకొను ఆత్మన్యూనతాభావమను భావన జనసామాన్యము నోట నిలిచినది ముఖ్యముగా ఆయన వలననే. మాట నిలిచినంతగా మనిషిని గూర్చిన జ్ఞాపకము నిలువలేదు.

రోగములతో బాల్యము

ఆడ్లర్ 1870 ఫిబ్రవరి 7వ తేదీన, ఆస్ట్రియా రాజధానియగు వియన్నా శివారున రుడోల్ఫ్‌షైమ్ అను గ్రామమున, ఒక యూదు కుటుంబమున జన్మించెను. తండ్రి లియోపోల్డ్ ధాన్యపు వర్తకుడు. పలువురు బిడ్డలు గల ఆ యింట ఆల్‌ఫ్రెడ్ రెండవవాడు. రికెట్స్ అను వ్యాధిచే ఎముకలు మెత్తబడి, నాలుగేండ్లు వచ్చువరకు అతడు సరిగా నడువలేకపోయెను. కట్లు కట్టిన శరీరముతో తానొక బల్లపై కూర్చుండియుండుట, ఎదుట ఆరోగ్యవంతుడగు అన్న ఆయాసము లేక పరుగులిడుచు గంతులు వేయుచుండుట, ఇదియే అతని మనస్సున నిలిచిన తొలి జ్ఞాపకము. ఆ అన్న పేరు సిగ్మండ్. పెద్దవాడైన పిమ్మట మరియొక సిగ్మండుతో ఆడ్లరునకు గొప్ప విభేదము కలుగుటను తలచినచో ఈ పేరు విధివిలాసము వలె తోచును.

తమ్ముడొకడు పసితనముననే అతని ప్రక్కనున్న పడకలో కన్ను మూసెను. కొలదికాలమునకే ఆల్‌ఫ్రెడునకు న్యుమోనియా సోకెను. చూడవచ్చిన వైద్యుడు ఆశ వదలుకొని, బిడ్డ దక్కడని తండ్రితో చెప్పెను. ఆ మాట బిడ్డ చెవిని బడెను. అయినను బిడ్డ దక్కెను. దక్కి, తాను వైద్యుడు కావలెనని ఆ పసితనముననే నిశ్చయించుకొనెను.

అతని బాల్యమునకు సంబంధించిన వింత జ్ఞాపకమొకటి కలదు. బడికి పోవు త్రోవలో ఒక శ్మశానమును దాటవలసి యుండెననియు, తోడి పిల్లలు నిర్భయముగా నడచిపోవుచుండగా తానొక్కడే అడుగడుగునకు వణకుచుండెననియు, ఒకనాడు తెగించి, పుస్తకముల సంచి ప్రక్కన బెట్టి, భయము పోవువరకు ఆ శ్మశానమునకు అడ్డముగా పదిపండ్రెండు మారులు అటునిటు పరుగెత్తెననియు ఆయన నమ్ముచుండెను. ముప్పదియైదేండ్ల ప్రాయమున ఆ కాలపు సహపాఠి యొకడు కనబడగా, ఆ శ్మశానమిప్పుడేమైనదని అడిగెను. ఆ త్రోవలో శ్మశానమెన్నడును లేదని అతడు చెప్పెను. ఇతర మిత్రులును అట్లే చెప్పిరి. ఆడ్లర్ దీనికి సిగ్గుపడలేదు. భయమును గెలువగోరిన బాలుడు, గెలిచినట్లు తనకు తానే ఒక జ్ఞాపకమును నిర్మించుకొని, దానిని ఊతగా గొని నడచెనని ఆయన అర్థము చేసికొనెను. మనిషి తన గతమును జీవితలక్ష్యమునకు అనుగుణముగా ఏరుకొనునను ఆయన సిద్ధాంతమునకు ఈ లేని శ్మశానమే చక్కని నిదర్శనము.

చెప్పులు కుట్టుటకు పంపవలసిన బాలుడు

ఉన్నత పాఠశాలలో ఆల్‌ఫ్రెడ్ గణితమున వెనుకబడెను. ఒక తరగతిలో రెండవ సంవత్సరము కూర్చుండవలసి వచ్చెను. ఉపాధ్యాయుడు తండ్రిని పిలిపించి, ఈ పిల్లవానికి చదువు రాదు, బడి మాన్పించి చెప్పులు కుట్టువాని యొద్ద పనికి పెట్టుట మేలని సలహా యిచ్చెను. ఆ తండ్రి ఉపాధ్యాయుని మాటను నమ్మియుండినచో, ఈ కథ యింతటితో ముగిసియుండెడిది. ఆయన నమ్మలేదు. కుమారుని బడి మాన్పింపలేదు.

కొంతకాలమునకు ఒకనాడు నల్లబల్లపై వ్రాసిన లెక్క తరగతిలో ఎవ్వరికిని సాధ్యము కాలేదు. ఉపాధ్యాయుడును తడబడెను. ఆల్‌ఫ్రెడ్ లేచి తాను చేయుదుననెను. తోటివారు నవ్విరి. అతడు పోయి లెక్క పూర్తి చేసెను. అది మొదలు గణితమన్న భయము పోయి, తరగతిలో మేటివారిలో ఒకడయ్యెను. ఈ సంగతిని ఆడ్లర్ పెద్దవాడైన పిమ్మట పలుమారులు చెప్పుచుండెను. తన తెలివిని చాటుకొనుటకు కాదు. ఫలానా బిడ్డకు ఫలానా విద్య పుట్టుకతోనే లేదని తీర్పు చెప్పుట యెంత ప్రమాదమో ఉపాధ్యాయులకు తెలుపుటకు. ఆ బాలుడు లెక్కకు ముందును వెనుకను ఒక్కడే. మారినది అతనికి తనపై గల నమ్మకము మాత్రమే.

ఇంతకును ఆ ఉపాధ్యాయుడు దుష్టుడు కాడు. తనకు కనబడినదానిని చెప్పెను. కనబడని దానిని విచారించుటకు ఆ బడిలో వేళయు లేదు, చోటును లేదు, అది తన పని యని చెప్పినవారును లేరు. ఆడ్లర్ తన జీవితకాలమున పూరింప యత్నించినది సరిగా ఈ లోపమునే.

వైద్యుడు, ఫ్రాయిడ్ సహచరుడు

1895లో ఆయన వియన్నా విశ్వవిద్యాలయమున వైద్యపట్టము పొందెను. 1897లో రైసా ఎప్‌స్టీన్ అను రష్యా దేశపు విదుషిని వివాహమాడెను. వారికి నలుగురు బిడ్డలు. వారిలో అలెగ్జాండ్రా, కుర్ట్ అను నిరువురు తండ్రి మార్గముననే మనోవైద్యులైరి. 1898లో ఆయన ప్రకటించిన తొలి పుస్తకము దర్జీల ఆరోగ్యమును గూర్చినది. ఇరుకు గదులలో, చాలని వెలుతురున, దీర్ఘకాలము వంగి కుట్టువారికి వచ్చు రోగములకు వారి దేహమే కాక వారి బ్రదుకుతెరువును కారణమని అందు చూపెను. రోగిని ఒంటరిగా కాక సంఘములో నుంచి చూచుట ఆయనకు మొదటి నుండియు అలవాటు.

ప్రాటర్ అను వినోదవనమునకు చేరువన ఆయన వైద్యశాల యుండెను. అచ్చట సర్కసులలో పనిచేయువారు, గరిడీవిద్యలవారు రోగులుగా వచ్చెడివారు. వారిలో పలువురు చిన్ననాడు దుర్బలులై, ఆ దౌర్బల్యమును జయింపబూని అసాధారణ బలము గడించినవారు. నత్తితో పోరాడి మహావక్తయైన గ్రీకు దేశపు డెమాస్తనీసు కథ వీరి బ్రదుకులలో మరల కనబడెను. ఈ పరిశీలనమును, తన బాల్యానుభవమును కలిపి, 1907లో అవయవ న్యూనతను గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. క్రమముగా ఆయన దృష్టి అవయవము నుండి మనస్సునకు మరలెను. ప్రతి శిశువును పెద్దల నడుమ చిన్నవాడై పుట్టును గనుక న్యూనతాభావము అందరికిని సహజమే. అది తగుపాటి యున్నచో ఎదుగుదలకు ప్రేరణ యగును. మితిమీరినచో బిడ్డ పోరాటము మాని దాగుకొన చూచును లేదా ఇతరులను త్రొక్కి పెద్దవాడు కాజూచును. ఇది ఆయన చూపిన దారి.

1902లో సిగ్మండ్ ఫ్రాయిడ్ తన యింట బుధవారము జరుపు గోష్ఠికి ఆడ్లరును ఆహ్వానించెను. దాదాపు తొమ్మిదేండ్లు ఆయన ఆ గోష్ఠిలో ప్రముఖుడై, 1910లో దాని అధ్యక్షుడయ్యెను. ఆ సంవత్సరముననే వారు విద్యార్థుల ఆత్మహత్యలను గూర్చి ప్రత్యేకముగా చర్చించి, ఆ చర్చను చిన్న పుస్తకముగా ప్రకటించిరి. పాఠశాల విద్యార్థిని మృత్యుముఖమునకు నెట్టకుండుట మాత్రమే చాలదనియు, బ్రదుకవలెనను కోరికను వానిలో కలిగింపవలెననియు ఫ్రాయిడ్ అందు అభిప్రాయపడెను. ఆడ్లర్ ఆ దుఃఖము వెనుక గల న్యూనతాభావమును వివరించెను. నూరేండ్లకు పైబడిన ఆ చర్చ నేటికిని ముగియలేదని చెప్పుట విచారకరము.

1911లో సిద్ధాంత విభేదములచే ఆడ్లర్ ఫ్రాయిడును వీడి, తనదైన సంఘమును స్థాపించెను. మనిషిని నడిపించునది అణచివేయబడిన కామప్రవృత్తి కాదనియు, తక్కువతనము నుండి పైకి రావలెనను తపనయనియు ఆయన మతము. ఆ శాస్త్రమునకు వ్యక్తి మనస్తత్వశాస్త్రమని పేరు పెట్టెను. విశ్వవిద్యాలయమున అధ్యాపకత్వమునకై ఆయన పెట్టుకొనిన దరఖాస్తును 1915లో త్రోసిపుచ్చిరి. ఆ తలుపు మూసికొనుట బాలలకు మేలే చేసెననవలెను. విశ్వవిద్యాలయము వద్దన్న వైద్యుడు కార్మికుల సాయంకాల విద్యాలయములకును, బడులకును పోయెను.

యుద్ధము నేర్పిన పాఠము

1916లో ఆయన సైన్యవైద్యుడుగా పిలువబడెను. దెబ్బతిన్న సైనికులలో ఎవరు మరల యుద్ధరంగమునకు పోదగినవారో నిర్ణయించుట ఆయన విధులలో ఒకటి. వైద్యుని చేతితో బాగుచేసి, ఆ చేతితోనే చావునకు పంపవలసిన ఆ పని ఆయనకు నిద్ర లేకుండ చేసెను. యుద్ధము ముగియుసరికి ఆడ్లర్ మారిన మనిషి యయ్యెను. మనిషి పైకి రాగోరుట చాలదనియు, తోడివారితో కలిసి మెలగవలెనను సంఘభావము మనస్సు యొక్క ఆరోగ్యమునకు ప్రాణమనియు ఆయన దృఢముగా నమ్మెను. ఈ భావమును పెద్దలకు బోధించుటకు కాలము మించిపోయినది. దానికి తగిన చోటు పాఠశాల.

1918లో సామ్రాజ్యము కూలిపోయెను. వియన్నాలో ఆకలి, క్షయ, నిరుద్యోగము తాండవించెను. తండ్రులను కోల్పోయిన బిడ్డలతో తరగతులు నిండెను. 1919లో నగరపాలనము సామ్యవాద ప్రజాస్వామికుల చేతికి వచ్చెను. విద్యాసంస్కర్తయగు ఒట్టో గ్లోకెల్ బెత్తపు చదువును మాన్పి, బిడ్డ తానుగా పరిశీలించి నేర్చుకొను చదువును ప్రవేశపెట్టుటకు పూనుకొనెను. ఆడ్లర్ కోరిన అదను ఇదియే. ఆయన మిత్రుడు, విద్యావేత్తయగు కార్ల్ ఫుర్ట్‌ముల్లర్ ఆ సంస్కరణములలో ముఖ్యుడుగా నుండెను.

బడిలోని ఆ గది

1920 ప్రాంతమున ఆడ్లర్ తొలి బాలమార్గదర్శన కేంద్రములను ఆరంభించెను. ఆ దశాబ్దము ముగియునప్పటికి వియన్నాలో అట్టి కేంద్రములు దాదాపు 30 వెలసెను. వానిలో పెక్కు పాఠశాల భవనములలోనే నడచెను. తరగతులు ముగిసిన పిమ్మట, నిర్ణీతమైన దినమున, ఆ తరగతి గదియే వైద్యశాల యగును. ఖర్చు లేదు. వైద్యుడును ఉపాధ్యాయుడును కలిసి సలహాదారులుగా కూర్చుండెడివారు. వారు ఈ పనికి ప్రతిఫలము గొనలేదు.

పని జరుగు తీరు ఇట్టిది. ముందుగా ఉపాధ్యాయుడు బిడ్డను గూర్చి తాను వ్రాసి తెచ్చిన వృత్తాంతమును సభలో చదువును. ఎన్నవ సంతానము, ఏ రోగములు వచ్చినవి, ఇంట ఎవరెవరున్నారు, ఎప్పటి నుండి చదువు తగ్గినది, ఎవరితో స్నేహము, దేనికి భయము, ఇవియన్నియు అందుండును. ఆడ్లర్ ఒక్కొక్క వాక్యము వద్ద ఆగి, దీని భావమేమైయుండునని ఉపాధ్యాయులతో కలిసి ఊహించును. పిమ్మట తల్లి లోనికి వచ్చును. ఆమెను నిందించుట లేదు. బిడ్డను ఇంతవరకు పెంచిన శ్రమను గుర్తించి, ఒకటి రెండు చిన్న మార్పులు సూచించుట మాత్రమే. తుదకు బిడ్డ వచ్చును. ఆడ్లర్ అతనితో స్నేహితునివలె, కొద్ది మాటలతో, బిడ్డ భాషలో మాటలాడును. పెద్దవాడవై ఏమి కాదలచితివని అడుగును. తరగతిలో ఎవరు స్నేహితులని అడుగును. గొప్పలు చెప్పుకొను బాలుని యెదుట ఆయన మునివ్రేళ్లపై లేచి నిలిచి, ఉన్నదానికంటె పొడవుగా కనబడుట అవసరమా యన్నట్లు నవ్వెడివాడని శిష్యులు చెప్పుకొనెడివారు. ఆ నవ్వులో ఎగతాళి లేదు గనుక బిడ్డయు నవ్వును.

సోమరి యన్న మాటను ఆయన విప్పి చూపిన తీరు ప్రతి ఉపాధ్యాయుడును గుర్తుంచుకొనదగినది. దొమ్మరి తాడుపై నడచునప్పుడు క్రింద వల కట్టియున్నచో పడినను దెబ్బ తగులదు. సోమరితనము బిడ్డ తనకు తాను కట్టుకొనిన వల. చదివి తప్పినచో తెలివిలేనివాడందురు. చదువక తప్పినచో సోమరి యందురు. రెండవ నింద మొదటిదానికంటె తేలిక. అందుచే బిడ్డ దానినే ఏరుకొనును. ఇట్టి బిడ్డను సోమరి యని తిట్టిన కొలదియు వాని వల మరింత గట్టిపడును. చేయవలసినది తిట్టుట కాదు. తాడుపై నాలుగడుగులు నడువగలడను నమ్మకమును వానికి కలిగించుట. మూడు విధముల బిడ్డలకు ఈ ధైర్యనాశము తొందరగా కలుగునని ఆడ్లర్ హెచ్చరించెను: అవయవలోపము గలవారు, మితిమీరిన గారాబమున పెరిగినవారు, ప్రేమకు నోచుకొననివారు.

వైద్యుడు ప్రతి తల్లిదండ్రులను కలిసికొనలేడు. కాని ఒక ఉపాధ్యాయునికి బిడ్డ మనస్సు తెలియుట నేర్పినచో, ఆయన యెదుట కూర్చుండు బిడ్డలందరికిని ఆ మేలు చేరును. ఈ ఆలోచనతోనే ఆడ్లర్ సభలో ఉపాధ్యాయులను కూర్చుండబెట్టుకొని పనిచేసెను. 1924 నుండి వియన్నాలోని ఉపాధ్యాయ శిక్షణ సంస్థలో ఆయన ఉపన్యాసములు జరిగెను. 1927లో ప్రకటితమైన మానవస్వభావ గ్రంథము పలు భాషలలోనికి పోయెను.

ఆ రోజులలోనే ఆయన సంఘమున కొంతకాలముండి సిద్ధాంతభేదముచే బహిష్కృతుడైన విక్టర్ ఫ్రాంకెల్ అను యువకుడు, 1928 మొదలుకొని యువజనులకై ఉచిత సలహాకేంద్రములను నడిపెను. మార్కుల పత్రములు ఇచ్చు కాలమున విద్యార్థుల నిరాశ పెరుగునని గ్రహించి, ఆ దినములలో ప్రత్యేక సహాయమేర్పరచెను. గురుశిష్యులు విడిపోయినను గురువు నాటిన విత్తనము వేరొక చేనిలో మొలచెననవచ్చును.

1931లో ఆస్కార్ స్పీల్, ఫెర్డినాండ్ బిర్న్‌బామ్, ఫ్రాంజ్ షార్మర్ అను ముగ్గురు ఉపాధ్యాయులు వియన్నాలోని శ్రామికవాడలో ఒక ప్రయోగాత్మక పాఠశాలను ఆడ్లర్ పద్ధతిని నడుపనారంభించిరి. అచ్చట సహాయము వారమున కొకమారు తెరచు గదిలో కాక, తరగతి యంతట నిండియుండెను. బిడ్డలు తమ తరగతి సమస్యలను తామే కూడి చర్చించుకొనెడివారు. వెనుకబడినవానికి ముందున్నవాడు తోడుపడుట అచ్చట నిత్యవిధి.

మూసిన తలుపులు

1934 ఫిబ్రవరిలో ఆస్ట్రియాలో అంతర్యుద్ధము చెలరేగెను. నిరంకుశ ప్రభుత్వము నగరపాలనమును చేజిక్కించుకొని, గ్లోకెల్‌ను నిర్బంధించెను. ఆయన మరుసటి సంవత్సరము మరణించెను. బాలమార్గదర్శన కేంద్రములు మూతబడెను. ప్రయోగ పాఠశాలయు ముగిసెను. పదునాలుగేండ్ల శ్రమ కొలది దినములలో నేలపాలయ్యెను. బిడ్డల మనస్సునకు చేయు వైద్యము కూడ రాజకీయములకు బలియగునని అప్పుడు తెలియవచ్చెను.

ఆడ్లర్ అప్పటికే అమెరికాలో పేరు పొందియుండెను. 1926లో తొలిసారి అచ్చటికి పోవునప్పటికి ఆయన ప్రాయము యాబదియారు. ఆ వయస్సున ఇంగ్లీషును కష్టపడి నేర్చి, యాస పోకున్నను జంకక ఉపన్యసించెను. కొలంబియా విశ్వవిద్యాలయమున ఉపన్యాసములిచ్చెను. 1932లో లాంగ్ ఐలాండ్ వైద్యకళాశాలలో ఆచార్యుడయ్యెను. వియన్నాలోని కేంద్రములు పోయిన పిమ్మట అమెరికాయే ఆయనకు నివాసమయ్యెను.

ఆయన తుదినాళ్లు శాంతముగా గడువలేదు. పెద్దకుమార్తె వాలెంటైన్ సోవియట్ రష్యాకు పోయి 1937 ఆరంభమున నిర్బంధింపబడెను. బిడ్డ యెక్కడ నున్నదో, బ్రదికియున్నదో లేదో తెలియక ఆ తండ్రి కుమిలిపోయెను. ఊరూర తల్లిదండ్రులకు ధైర్యము చెప్పిన మనిషికి తన బిడ్డ క్షేమమును గూర్చి ధైర్యము చెప్పువారు లేకపోయిరి. అయినను ఒప్పుకొనిన ఉపన్యాసములను ఆయన మానలేదు. 1937 మే 28వ తేదీ ఉదయమున స్కాట్లండులోని అబర్డీన్ నగరమున, యూనియన్ వీధిలో నడచుచు, గుండె ఆగి కూలిపోయెను. ఆయనకు అరువదియేడేండ్లు. ఆ కుమార్తె 1942లో నిర్బంధముననే మరణించిన సంగతి తెలియక పోవుట ఒక విధముగా ఆయన అదృష్టము. ఆయన చితాభస్మము ఎడింబరోలో ఎవ్వరికిని పట్టక ఏడు దశాబ్దములు పడియుండి, 2007లో కనుగొనబడి, 2011లో వియన్నా చేరెను.

నిలిచినది, నిలువనిది

ఆడ్లర్ చెప్పినదంతయు నేడు చెల్లదు. పెద్దబిడ్డ యిట్లుండును, నడిమివాడట్లుండునని ఆయన కట్టిన లక్షణములను తరువాతి విస్తృత పరిశోధనములు సమర్థింపలేదు. కొన్ని మనోవ్యాధులకు మెదడునకు, వంశమునకు సంబంధించిన కారణములున్నవనియు, ధైర్యవచనములతో బాటు మందును అవసరమగుననియు నేటి శాస్త్రము నిరూపించినది. పదిమంది యెదుట బిడ్డ బాధను చర్చించుట సమష్టిభావమును పెంచునని ఆయన తలచెను; కాని బిడ్డ రహస్యమును కాపాడుట సలహాదారుని మొదటి ధర్మమని నేటి విధానము. ఈ లోపములు తీసివైచినను మిగులునది పెద్దది. ఆయన శిష్యుడు రుడోల్ఫ్ డ్రైకర్స్ అమెరికాలో ఆ పద్ధతిని విస్తరింపజేసెను. ఆస్కార్ స్పీల్ యుద్ధానంతరము వియన్నాలో ఆ విద్యావిధానమును మరల చేపట్టి, 1947లో తమ పాఠశాలానుభవములను గ్రంథముగా వెలువరించెను.

ఆ గది మన దేశమునకును రావలసినదే. విశాఖపట్టణమున చదువుకొనుచున్న ఒక విద్యార్థిని మరణమునకు సంబంధించిన వ్యాజ్యమున, 2025 జూలై 25వ తేదీన భారత సర్వోన్నత న్యాయస్థానము విద్యాసంస్థలకు కొన్ని ఆదేశములు చేసినది. 100 లేక అంతకుమించి విద్యార్థులు గల ప్రతి సంస్థయు శిక్షణ పొందిన కౌన్సెలర్ నొకరినైనను నియమింపవలెననియు, చిన్న సంస్థలు బయటి నిపుణులతో సంబంధమేర్పరచుకొనవలెననియు, ఉపాధ్యాయులకును ఇతర సిబ్బందికిని సంవత్సరమునకు రెండు మారులు ఈ విషయమున శిక్షణ ఇప్పింపవలెననియు వానిలో నున్నది. 2022 అక్టోబరు నుండి 14416 అను సంఖ్యకు టెలిఫోను చేసినచో మనోవ్యథకు ఉచితముగా సలహా దొరకుచున్నది. ఆదేశము కాగితముపై నుండక బడి గడప దాటవలెనన్నచో, ఆడ్లర్ ముందుగా పట్టుకొనిన మనిషిని మనమును ముందుగా పట్టుకొనవలెను. ఆ మనిషి ఉపాధ్యాయుడు. నియమింపబడిన కౌన్సెలర్ గదిలో కూర్చుండును. ఆ గదికి బిడ్డను సిగ్గు లేకుండ, భయము లేకుండ నడిపించుకొని పోగలవాడు ప్రతిదినము వాని ముఖము చూచువాడే.

మొక్కై వంగనిది మానై వంగునాయని మన పెద్దలు చెప్పుదురు. ఈ సామెతను బెత్తమునకు సమర్థనగా వాడుకొనుట మనకు అలవాటైనది. ఆడ్లర్ జీవితమును చదివినవారికి అందలి మొదటి మాట మాత్రమే ముఖ్యమని తోచును. మొక్కగా నుండగనే చూడవలెను. అది ఒరిగియున్నచో వెలుతురు ఏ ప్రక్కన తక్కువైనదో విచారింపవలెను. వెనుక బల్లపై మాటలేక కూర్చున్న బిడ్డను మొద్దని వ్రాసి పంపుటకు ముందు, వియన్నాలో ఒక తండ్రి నమ్మని తీర్పు నొకసారి తలచుకొనుట ఉపాధ్యాయలోకమునకు మేలు.